గేర్ బాక్స్ దించిన గురువారం

మూడు వారాల కిందట ఒక పాత కారును తాడు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చారు. దాని వెనకే ఇంకో కారులో యజమానురాలు వచ్చింది. పళ్ళ డాక్టరు. ఆ బండి వాళ్ళ నాన్నది. ఇరవై రెండేళ్ళుగా ఇంటి వెనక గదిలో తాళం వేసి ఉంది. ఆయన పోయాక కూతురు తాళం తీయించింది. వచ్చే ఆదివారం పాత కార్ల ఊరేగింపు ఉంది. కొండెక్కి దిగాలి. అందులో తండ్రి బండి కూడా ఉండాలని ఆవిడ కోరిక. మొదటిరోజు ఆవిడ మా ఆయన్ని, "ఇలాంటి బండి పని ఇదివరకు చేశారా?" అని అడిగింది. ఆయన, "ఈ బండిని నేనెప్పుడూ ముట్టుకోలేదండీ," అన్నారు.

అడిగినదానికి అది జవాబు కాదు. ఆ సంగతి నాకు ఈ గురువారం దాకా తట్టలేదు.

మొదటి వారంలో ఇంజను మేలుకుంది. రెండో వారంలో బ్రేకులు, వైర్లు, చక్రాలు అయ్యాయి. మూడో వారమంతా క్లచ్చే. డాక్టరమ్మ అప్పుడప్పుడూ రావడం మానేసి రోజూ రావడం మొదలుపెట్టింది కూడా ఆ మూడో వారంలోనే. ఈ రెంటికీ సంబంధం ఉందని నేను అనలేదు, లేదని ఆయన అనలేదు. మా ఇంట్లో మాటలు తగ్గి గిన్నెల చప్పుడు పెరిగింది.

గురువారం ఆయన ఏమీ తినకుండా వెళ్ళిపోయారు. పది గంటలకు క్యారేజీ పట్టుకుని నేను షెడ్డుకు వెళ్ళాను. షట్టరు సగమే ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్ళగానే ముందు కనిపించింది చెప్పుల జత. బూడిదరంగు చెప్పులు, ఎవరింటికో వచ్చి గుమ్మం ముందు విడిచినట్టు, కారు డోరు పక్కన ఒద్దికగా ఉన్నాయి. డ్రైవరు సీట్లో డాక్టరమ్మ. ఉత్తి పాదం క్లచ్ పెడల్ మీద ఉంది.

కారు కిందనుంచి మా ఆయన మోకాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"నొక్కండి," అంది కారు కింది గొంతు. ఆవిడ నొక్కింది. "ఇంకొంచెం... ఆఁ, చాలు. ఇప్పుడు వదలండి. మెల్లిగా."

ఆ సీటు నాది.

ఇలా అంటే నవ్వుతారని తెలుసు. కానీ క్లచ్ పని ఇద్దరి పని. పైన ఒకరు పెడల్ నొక్కుతూ వదులుతూ ఉండాలి, కింద ఒకరు పడుకుని ఏది ఎంత కదులుతోందో చూడాలి. పెళ్ళైన కొత్తలో షెడ్డులో ఇంకెవరూ లేరు. క్యారేజీ తెచ్చిన నన్ను ఆయన సీట్లో కూర్చోబెట్టారు. అప్పట్నుంచి పంతొమ్మిదేళ్ళుగా ఆయన కింద, నేను పైన. మా మధ్య మాటలు కూడా ఉండవు. పానాతో నేల మీద ఒకసారి కొడితే నొక్కాలి, రెండుసార్లు కొడితే వదలాలి. గట్టిగా కొడితే నొక్కింది సరిపోలేదని. ఎన్నో వందల బళ్ళకు అలా నొక్కాను. "నొక్కండి" అని, అదీ చివర అండీ తగిలించి, ఆయన నాతో ఒక్కనాడూ అనలేదు.

మరిది కింద పరిచిన గోనె మీద కూర్చుని ఏదో రాడ్డు రుద్దుతున్నాడు. నన్ను చూసి, "రా వదినా. పెద్దావిడకి వైద్యం జరుగుతోంది," అన్నాడు. ఆ కారుకు వాడు పెట్టిన పేరు అది.

"పెద్దావిడ ఇక్కడుంటే, ఇంట్లో ఉన్న నేనెవర్నయ్యా? చిన్నావిడనా?"

వాడు నాలిక్కరుచుకుని రాడ్డు మరీ శ్రద్ధగా రుద్దసాగాడు.

డాక్టరమ్మ నన్ను చూసి కంగారుగా దిగబోయింది. "అయ్యో, మీ సీట్లో కూర్చున్నానట. మీ మరిదిగారు చెప్పారు."

"సీటుదేముందండీ, బండే మీదైనప్పుడు," అన్నాను. బాగానే అన్నాననుకున్నాను. కానీ ఆవిడ మొహం చిన్నబోయింది. అప్పుడు నాకు సంతోషం వేసింది, ఆ వెంటనే సిగ్గూ వేసింది.

కారు కిందనుంచి గొంతు, మనుషుల సంగతి పట్టకుండా, "మీ కాలు మంచి తేలిక డాక్టరుగారూ. ఎంతంటే అంతే నొక్కుతారు," అంది.

పంతొమ్మిదేళ్ళలో నా కాలి గురించి ఒక్క ముక్క లేదు. చేతిలోని క్యారేజీని బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాను.

ఆయన బయటికి వచ్చారు. చొక్కాకు గ్రీజు, నుదుటి మీద గ్రీజు. ఇంజను స్టార్టు చేసి, పెడల్ నొక్కి రివర్స్ గేరు వేయబోయారు. లోపల పళ్ళు పటపటా కొరికినట్టు గర్రుమంది. ఆఫ్ చేసి దిగారు.

"పెడల్ స్ప్రింగు బలం చాలట్లేదేమో. లేతు షాపులో ఒకటి చేయించి వేసి చూద్దాం," అన్నారు.

"నేను క్లినిక్కుకి అటే వెళ్తున్నాను, దింపుతాను రండి," అంది డాక్టరమ్మ.

ఇద్దరూ వెళ్ళారు. క్యారేజీ బల్ల మీద అలాగే ఉంది. మూత కూడా తియ్యలేదు.

స్ప్రింగట. పెడల్ స్ప్రింగు పెడల్ని పైకి లాగడానికి. గేరు గీరుకోవడానికి దానికి ఏం సంబంధం? ఆ మాట నాకు తెలిసినప్పుడు ఆయనకు తెలియకుండా ఉంటుందా?

ఆవిడ కూర్చున్న సీట్లో కూర్చున్నాను. సీటు ముందుకు జరిపి ఉంది. నా కొలతకు వెనక్కి జరుపుకున్నాను.

క్లచ్ జబ్బులు ముఖ్యంగా రెండు. పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోకపోవడం ఒకటి, వదలాల్సినప్పుడు వదలకపోవడం ఒకటి. మొదటిదైతే ఇంజను అరుస్తుంది గాని బండి కదలదు, కాలిన వాసన వస్తుంది. రెండోదైతే పెడల్ అడుగంటా నొక్కినా లోపలి ప్లేటు ఇంజనుతో పాటే తిరుగుతూ ఉంటుంది. గేరు వేయబోతే గీరుకుంటుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి బండి విప్పక్కర్లేదు.

"స్టార్ట్ చేద్దామా?" అని మరిదిని పిలిచాను. వాడు చక్రాలకు అడ్డంగా చెక్కలు పెట్టాడు. హ్యాండు బ్రేకు లాగి, ఇంజను తిప్పి, పెడల్ నొక్కి మనసులో పది లెక్కపెట్టాను. మంచి ప్లేటైతే ఈపాటికి ఆగిపోవాలి. రివర్స్ వేయబోయాను. గర్రుమంది. ఇరవై లెక్కపెట్టి వేశాను. అప్పుడూ గర్రుమంది. తర్వాత ఇంజను ఆపి, టాప్ గేరు వేసి, మళ్ళీ స్టార్టు చేసి పెడల్ నెమ్మదిగా వదిలాను. బండి ఒక్కసారి వణికి ఇంజను చచ్చిపోయింది.

"పట్టు బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు మరిది.

"అంటే ప్లేటు అరగలేదు. వదలడమే లేదు."

మళ్ళీ పెడల్ నొక్కాను, ఇంజను లేకుండా, కళ్ళు మూసుకుని. అడుగుకు ఇంకా రెండు వేళ్ళు ఉందనగా కాలికి ఏదో గట్టిగా తగిలింది. మెత్తగా వెళ్తున్నది ఇనుముకు ఇనుము ఆనినట్టు ఆగింది. అది స్ప్రింగు కాదు. రాడ్డు కాదు. ప్లేటు దగ్గరే ఏదో దేనికో తగులుతోంది. వారం రోజులుగా ఆవిడ తేలిక కాలు దీన్నే నొక్కుతోంది. ఏమని చెప్పి ఉంటుంది ఆయనకు? ఆయన ఏమని అడిగి ఉంటారు?

"రాడ్డు ఎంతవరకు బిగించారు?"

"మరలు అయిపోయాయి వదినా. ఇంక తిప్పడానికి లేదు."

"అలాంటప్పుడు గేర్ బాక్స్ దించాలి కదా?"

మరిది చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వాడు చేతులు తుడుచుకుంటే నోట్లో ఏదో ఉన్నట్టు లెక్క.

"అన్నయ్య దించొద్దన్నాడు."

"ఎందుకని?"

"పెద్దావిడ బాగా ముసలిది, విప్పితే మళ్ళీ కలవదట."

"పోయిన నెల ఇంతకన్నా ముసలిదాన్ని మొదటిరోజే దించారుగా?"

"నేనూ అదే అన్నా. నీ పని నువ్వు చూసుకో అన్నాడు. అన్నయ్య నన్నెప్పుడూ అంత మాట అనలేదు వదినా."

నాకు అంతా అరచేతిలో పెట్టినట్టు తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకున్నాను. పని తెగితే ఆవిడ రాదు. అందుకని రోజుకో స్ప్రింగు, రోజుకో మర. ఆదివారం దాకా ఇలా సాగదీసి, ఆ తర్వాత "ఇంకొంచెం మిగిలిందండీ" అని మళ్ళీ సాగదీస్తారు. ఒక చక్రానికి నాలుగు నట్లుంటే నాలుగూ మూడేసిసార్లు చూసే మనిషి, వంకర పనంటే చీదరించుకునే మనిషి, ఒక ఆడమనిషి కోసం తెలిసీ తప్పు మందు వేస్తున్నారు.

"దించు," అన్నాను.

"వదినా..."

"ఈ రోజే తేలిపోవాలి. రేపట్నుంచి ఆవిడకి ఇక్కడికి వచ్చే అవసరం ఉండకూడదు."

వాడు నా మొహం చూసి జాకీ తెచ్చాడు.

రెండున్నర గంటలు పట్టింది. వెనక చక్రాలకు వెళ్ళే పొడవాటి గొట్టం విప్పాడు. గేర్ బాక్స్ కింద జాకీ నిలబెట్టి చుట్టూ ఉన్న బోల్టులు ఒక్కొక్కటీ తీశాడు. నేను లైటు పట్టుకుని, తీసినవి తీసినట్టు వరుసగా డబ్బాల్లో వేశాను. ఆయన అలవాటే. ఏ బోల్టు ఏ రంధ్రంలోంచి వచ్చిందో దాన్ని అందులోకే పంపాలి. గేర్ బాక్స్ వెనక్కి జరిగి, మూలిగి, కిందికి దిగింది. క్లచ్ మీద ఇనప మూత కనిపించింది. మరిది దాని ఆరు బోల్టులూ తీసి రెండు చేతులతో పట్టి లాగాడు. మూత వచ్చింది. దాని వెనక ప్లేటు ఉంది.

ప్లేటు మీద ఇంగ్లీషులో గుద్దిన అక్షరాలు నా వైపు చూస్తున్నాయి. 'ఇంజను వైపు' అని.

అవి కనిపించకూడదు. ఆ పక్క ఇంజనుకు ఆని ఉండాలి.

"తిరగేసి పెట్టారు," అన్నాడు మరిది. ప్లేటు బయటికి తీశాడు. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే బొడిపె ఇంజను వైపు బోల్టుల తలలకు రాసుకుని గుండ్రంగా మెరుస్తోంది. నా కాలికి తగిలింది అదే. ప్లేటు మందం మాత్రం వెంట్రుకవాసి కూడా అరగలేదు, పెట్టెలోంచి నిన్ననే తీసినట్టుంది. అంటే తిరగేసి పెట్టిన రోజుతోనే ఆ బండి తిరుగుడు ముగిసింది.

"ఎవడు వదినా ఇంత గుడ్డి పని చేసింది? చెయ్యి విరగ్గొట్టాలి వాడికి."

మూత అంచు మీద లైటు పడింది. అక్కడ మొనదేలిన పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు ఉన్నాయి, పొయ్యిరాళ్ళ మాదిరిగా. ఎదురుగా ఇంజను చక్రం అంచు మీద కూడా అవే మూడు. చుక్కల్లో తుప్పు నిండి ఉంది.

విప్పేముందు ప్రతి మెకానిక్కూ ఒక గుర్తు పెట్టుకుంటాడు, మూత మళ్ళీ అదే చోట కూర్చోవడానికి. కొందరు ఉలితో గీత గీస్తారు. కొందరు రంగు పూస్తారు. పొయ్యిరాళ్ళ మాదిరి మూడు చుక్కలు కొట్టే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. మా ఇంట్లో మిక్సీ అడుగున, కుట్టు మిషను చక్రం మీద, ఆఖరికి ప్రెషర్ కుక్కరు పిడి మీద కూడా ఆ మూడు చుక్కలు ఉన్నాయి.

మరిది కూడా చూశాడు. లైటు నా చేతిలోంచి తీసుకుని పక్కకు తిప్పేశాడు. "ఇది నేను చూడలేదు. నువ్వూ చూడకు."

మూడు గంటలకు ఆయన నడిచి వచ్చారు, స్ప్రింగు కాగితంలో చుట్టుకుని. షట్టరు కింద వంగి లేచేసరికి ఎదురుగా నేల మీద గేర్ బాక్స్. ఆయన అరుస్తారనుకున్నాను. పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. శుభ్రంగా ఉన్న చేతులు. చాలాసేపు కడుక్కున్నారు.

"ఎవరు దించమన్నారు?"

"నేను."

మరిది ఎక్కడికో పని ఉన్నట్టు కదిలాడు. "నువ్వుండు," అన్నాను. ఉండిపోయాడు.

"ఈ చుక్కలు ఎవరివండీ?"

"చుక్కలు ఎవరైనా కొడతారు."

"నా మొహం చూసి చెప్పండి ఆ మాట."

ఆయన బల్ల దగ్గరికి వచ్చి ప్లేటు చేతిలోకి తీసుకున్నారు. బొడిపె మీద మెరుస్తున్న గీతను బొటనవేలితో తడిమారు. పసిపిల్లల దెబ్బ తడిమినట్టు తడిమారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు వాళ్ళింట్లో పని చేశాను. ఈ బండి చూసుకోవడానికే పెట్టుకున్నారు ఆ పెద్దాయన. కొత్త ప్లేటు వేశాను. మర్నాడు తెల్లారి ఆయన బండి తీస్తే గేరు పడలేదు. బలవంతాన వేస్తే బండి దూకి గేటును గుద్దింది. నలుగురిలో నన్ను నిలబెట్టి, పానా పట్టుకునే అర్హత లేదన్నారు. ఆ రోజే పంపేశారు. బండి గదిలో పెట్టి తాళం వేశారు. మళ్ళీ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదట."

"మరి నాతో మొదటి పని లారీ షెడ్డులో అన్నారు?"

"దీని తర్వాత అదే."

"పంతొమ్మిదేళ్ళు చెప్పలేదు. మూడు వారాల కిందట బండే ఇంటికొస్తే, అప్పుడూ చెప్పలేదు."

"ఏమని చెప్పను? ప్లేటు తిరగేసి పెట్టిన మెకానిక్కునని? పెట్టేటప్పుడు అక్షరాలు చూసే పెట్టాననుకున్నాను. ఎలా తిరగబడిందో ఇప్పటికీ అర్థం కాదు. ఏ బండి మూత బిగిస్తున్నా అదే గుర్తొస్తుంది. అందుకే ప్రతిదీ మూడుసార్లు చూసుకుంటాను."

ఇక్కడ నేను ఆగాల్సింది. మనిషి తలొంచుకుని నిజం చెప్పాడు. ఆవిడ కోసం పని సాగదీయలేదు, సిగ్గుపడి దాచుకున్నాడు. కోపం పోవాలి. పోయింది కూడా. కానీ అసూయ కోపం లాంటిది కాదు. అది జవాబులతో చల్లారదు, ఇంకో ప్రశ్న వెతుక్కుంటుంది.

"ప్లేటు పెట్టే రోజు మీ మనసెక్కడుంది?"

ఆయన ప్లేటును బల్ల మీద పెట్టేశారు.

"ఆవిడంటే ఇష్టముండేదా?"

మరిది మళ్ళీ చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఉండేది," అన్నారు ఆయన. "పంతొమ్మిదేళ్ళ పిల్ల. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు పడేసి బండి దగ్గరికొచ్చేది. ఏ పానా అడిగితే అది అందించేది. పని మొత్తం నేర్చుకుంది. ఇష్టం లేకుండా ఎలా ఉంటుంది? నోరు తెరిచి చెప్పింది లేదు. ఆవిడకి నేను గుర్తు కూడా లేను. ఈ మూడు వారాల్లో ఒక్కసారి కూడా గుర్తుపట్టలేదు."

చివరి మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్నది నాకు నచ్చలేదు. గుర్తుపట్టలేదని దిగులు. నా ముందు, నా షెడ్డులో, నేను తెచ్చిన క్యారేజీ పక్కన నిలబడి, ఇంకో మనిషి గుర్తుపట్టలేదని దిగులు.

"ఆదివారానికి బండి ఇచ్చెయ్యండి," అన్నాను. "ప్లేటు సరిగ్గా పెట్టి, బిగించి, తాళాలు చేతిలో పెట్టి పంపించెయ్యండి. మళ్ళీ ఆ కారు గాని, ఆ మనిషి గాని ఈ షట్టరు కింద కనబడకూడదు. ఆ మాటివ్వండి, ఇవాళ విన్నదంతా నేను మర్చిపోతాను."

"ఇస్తున్నాను," అన్నారు. వెంటనే అన్నారు. అది మాత్రం నాకు బాగుంది.

"గేర్ బాక్స్ దించేశారా?"

షట్టరు దగ్గర డాక్టరమ్మ. ఎప్పుడొచ్చిందో తెలియదు. మెడలో క్లినిక్కు మాస్కు ఇంకా వేలాడుతోంది. ఆవిడ మా ముగ్గురి మొహాలూ చూడలేదు. సూటిగా బల్ల మీద ప్లేటు దగ్గరికి వచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. "డాక్టరుగారూ, మీకు ఒక మాట చెప్పాలి. ఈ ప్లేటు..."

"తిరగేసి ఉంది కదూ?"

ఆయన చటుక్కున ఆవిడ వైపు తల తిప్పారు.

"మీకు నేను గుర్తులేననుకున్నారా?" అంది ఆవిడ. "మీరున్నారనే ఈ షెడ్డు వెతుక్కుంటూ వచ్చాను. మీరే నన్ను ఎరగనట్టు 'డాక్టరుగారూ' అంటుంటే, ఎలా మొదలుపెట్టాలో తెలియక రోజూ వచ్చి పెడల్ నొక్కి వెళ్ళిపోతున్నాను." ఊపిరి పీల్చుకుని నా వైపు తిరిగింది. "మీరు కూడా ఉన్నారు, మంచిదే. మీ ముందే చెప్పాలి. ప్లేటు ఆయన సరిగ్గానే పెట్టారు."

"ఏంటి?" అన్నాడు మరిది.

"సరిగ్గా పెట్టి, మూతకి రెండు బోల్టులు చేత్తో తిప్పి వదిలేసి, భోజనానికి వెళ్ళారు. మర్నాడు నాన్న నన్ను ఆ బండిలో హాస్టలుకి తీసుకెళ్ళాలి. చాలా దూరపు ఊరు, నాలుగేళ్ళ చదువు. నాకు వెళ్ళాలని లేదు. ఎందుకు లేదో మాత్రం..." ఆవిడ ఆగింది. ఆ ఆగిన చోట ఏముందో షెడ్డులో ఉన్న నలుగురికీ తెలుసు. "ప్లేటు తిరగబడితే గేరు పడదని ఆయనే నాకు నేర్పారు. మూత తీసి, ప్లేటు తిప్పేసి, ఆ మూడు చుక్కల దగ్గరే మళ్ళీ పెట్టేశాను. ఆయన వచ్చి మళ్ళీ చూసుకోకుండా బిగించారు. చేసింది నేను. పొరపాటున కాదు, తెలిసే చేశాను."

"మరి ఈయన్ని నలుగురిలో నిలబెట్టి తిడుతుంటే?" అన్నాను.

"మేడ మీద కిటికీలోంచి చూశాను. నోరు పెగల్లేదు. రెండు రోజులాగి నన్ను రైల్లో పంపేశారు. రెండు రోజుల కోసం ఆయన పేరు పోగొట్టాను. నాన్న ఉండగా చెప్పే ధైర్యం రాలేదు."

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళున్నాయి. నేను ఆవిణ్ణి చూడటం లేదు. ఆయన మొహం చూస్తున్నాను. అక్కడ కోపం కోసం వెతుకుతున్నాను. ఇరవై రెండేళ్ళు ఒక మనిషి చెయ్యని తప్పును మోశాడు. ప్రతి నట్టూ మూడుసార్లు చూసుకున్నాడు. ఆ శ్రద్ధ చూసే కదా నేను ఇన్నాళ్ళూ మురిసిపోయింది, నా మొగుడంతటి పనివాడు లేడని పదిమందిలో చెప్పుకున్నది! అదంతా ఈవిడ ఒక మధ్యాహ్నం చేసిన పనిలోంచి పుట్టిందా? తిట్టాలి ఆయన. కనీసం స్ప్రింగు కాగితం విసిరికొట్టాలి.

ఆయన ప్లేటును మళ్ళీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను.

నవ్వుతున్నారు.

"నా తప్పు కాదన్నమాట," అన్నారు, ఆవిడతో. నాతో కాదు. "ఏం పిల్లవమ్మా నువ్వు!" ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడి నవ్వు అది. ఆ వయసులో ఆయన్ని నేను చూడలేదు. ఆవిడ చూసింది. కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ కూడా నవ్వడం మొదలుపెట్టింది. మధ్యలో ఆ తుప్పు బండి, దానికి చెరో పక్క వాళ్ళిద్దరు, ఇటు పక్క నేను, మరిది, ఆరు బోల్టులున్న డబ్బా.

"ఆదివారం బండి మీరే నడపాలి," అంది ఆవిడ ఆయనతో. "నేను పక్కన కూర్చుంటాను. నాన్న ఎవరి ముందు మిమ్మల్ని మాట అన్నారో, ఊరేగింపుకు వచ్చే ఆ నలుగురి ముందూ మీరే ఆ కొండ ఎక్కించాలి. ఎవరేం చేశారో అందరికీ నేనే చెప్తాను. అది నేను మీకు చెయ్యాల్సిన న్యాయం."

ఆయన నా వైపు చూశారు. కాసేపటి కిందట ఇచ్చిన మాట ఆయన కళ్ళలో ఉంది, కానీ కొండ కూడా ఉంది. నేను ఒక్క తల ఊపితే చాలు. ఊపాల్సిందే, న్యాయం అదే. అంత మనిషిని కాలేకపోయాను.

"ఆయన నడపరు," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఆయన పక్కన కూర్చుని క్లచ్ ఎలా పనిచేస్తోందో చూసుకోవాలి. మీరు వెనక సీట్లో కూర్చోండి. బండి నేను నడుపుతాను."

మరిది మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. ఆయన "నువ్వా?" అనబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. షట్టరు దాటి ఒక్క బండిని ఒక్క గజం కూడా నేను నడపలేదని వాళ్ళిద్దరికీ తెలుసు. తెలియనిది డాక్టరమ్మ ఒక్కదానికే. ఆవిడ ఒక్క క్షణం నన్ను తేరిపార చూసింది. తర్వాత చేతిసంచీలోంచి రెండో తాళాల గుత్తి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది.

"ఆదివారం ఉదయం ఏడింటికి," అంది. "నలభై కార్లలో మనది మొదటిది."